ఏగికి నీళ్లు పోసిన ఈరవ్వ

ఈరవ్వ చచ్చిపోయిన పసిపిల్లలను గాజు సీసాల్లో పెట్టి బతికిస్తుందట. బతికినవాళ్లను తెల్లగుడ్డలో చుట్టి, ఒళ్లో పెట్టుకుని, ఎల్లారెడ్డి బస్సెక్కి అడవిలో దిగబెట్టి వస్తుందట. దోమకొండ బస్టాండు పక్కన చిల్లర దుకాణం నడిపే విమలమ్మ ఈ మాట మొదలుపెట్టింది. ఆమె చెప్పిన ప్రతిసారీ మాట కొంచెం పెరిగేది. సీసాల్లో పిల్లలు తెల్లగా మెరుస్తారని ఒకసారి చెప్పింది. వాళ్ల కాళ్లకు వేళ్లు ఉండాల్సిన చోట వేర్లు ఉంటాయని ఇంకోసారి చెప్పింది.

"నా కండ్లతోని చూసిన," అనేది విమలమ్మ, కొనడానికి వచ్చినవాళ్లకు చాయ్‌పత్తా పొట్లం కడుతూ. "బస్సుల నా పక్కపొంటి కూసున్నది. ఒళ్లె పిల్ల. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి దాక ఒక్కపారి ఏడిస్తే ఒట్టు. ఏడ్వని పిల్ల ఉంటదా, నువ్వే జెప్పు."

"పండుకున్నదేమో."

"పండుకున్న పిల్ల కాళ్లన్న ఇదిలిస్తది, బట్టలన్న తడుపుతది. గా పిల్ల జేసిందల్లా ఊగుడే. బస్సు ఎటు ఊగితే అటు ఊగింది."

ఆ బస్సులో ఈరవ్వకు రెండో పక్కన కూర్చున్నది నేను. విమలమ్మ నన్ను చూడలేదు. నేను ఉన్నచోట నన్ను చూడకపోవడం చాలామందికి అలవాటే. నాకూ అదే బాగుంటుంది. ఈరవ్వ సంగతి నేను చూసినంత వరకు రాస్తున్నాను.

ఈరవ్వ మా దోమకొండలో పుట్టిన పిల్లలకు నీళ్లు పోసేది. పురుడైన ఇంటికి పొద్దున్నే పోయి, పెరట్లో పీట వేసుకుని, రెండు కాళ్లూ చాపి, ఆ కాళ్ల మీద పిల్లను పడుకోబెట్టుకునేది. నూనె రాసి, శెనగపిండి పెట్టి రుద్ది, వేడినీళ్లు పోసేది. పిల్ల ఎంత గట్టిగా ఏడిస్తే అంత తృప్తిగా తల ఊపేది. ఒళ్లు తుడిచాక నిప్పుల చట్టిలో ఊదు చల్లేది. ఊదు అంటే మా దగ్గర సాంబ్రాణి. ఆ పొగ మీద పిల్లను అటూ ఇటూ ఆడించి, తల ఆరబెట్టి, గుడ్డలో బిగించి తల్లి పక్కన పడుకోబెట్టేది. పిల్ల అప్పటికే నిద్రలో ఉండేది. ఊళ్లో నా వయసు వాళ్లలో చాలామంది ఆమె కాళ్ల మీద ఏడ్చినవాళ్లే. నేను మాత్రం ఏడవలేదట, ఊరికే చూస్తూ పడుకున్నానట. ఆ మాట ఆమె నాతో చాలాసార్లు అన్నది.

తర్వాత తర్వాత ఆమెను పిలిచేవాళ్లు తగ్గిపోయారు. దవాఖానలో నర్సులు పొగ వేయవద్దని, చెవుల్లో నూనె పోయవద్దని చెప్పి పంపేవాళ్లు. కొత్త తల్లులు ఆ మాటే విన్నారు. ఈరవ్వకు కోపం రాలేదు. పొద్దున లేచి చేతులకు నూనె రాసుకుని, ఎక్కడికీ పోయేది లేక, గడప మీద కూర్చునేది.

నేను ఇంటర్ మొదటి ఏడాదిలో చదువు మానేసి అమ్మతో పాటు బీడీలు చుడుతున్న రోజుల్లో కామారెడ్డి రోడ్డు మీద ఒక ల్యాబ్ పెట్టారు. అరటి మొక్కలు పెంచే ల్యాబ్ అది. చిన్న ముక్కను సీసాలో జెల్లీ మీద పెడితే అది మొక్క అవుతుంది, ఆ మొక్కను కోస్తే నాలుగు అవుతాయి. బీడీలు చుట్టే ఆడవాళ్ల వేళ్లు చురుగ్గా ఉంటాయని మమ్మల్ని కోసే పనికి తీసుకున్నారు. ఈరవ్వ కూడా మాతో వచ్చింది. ల్యాబ్ చూసుకునే రాజశ్రీ మేడం నిజామాబాద్ ఆమె. పెద్దగా నవ్వదు కానీ మాట మెత్తన.

"ఇంతకుముందు ఏం పని జేసినవ్ అవ్వా?" అని అడిగింది మేడం.

"పిల్లలకు నీళ్లు వోసిన."

"ఎన్నేండ్లు?"

"ఎవలు లెక్కవెట్టిండ్రు మేడం. నేను నీళ్లు వోసిన పిల్లలకు పిల్లలు పుడితే, వాండ్లకు గూడ వోసిన."

మేడం ఆమెను సీసాలు కడిగే పనిలో పెట్టింది. వెనక రేకుల కొట్టంలో వేడినీళ్ల తొట్టి ముందు కూర్చుని ఈరవ్వ సీసాలు కడిగేది. ఒక్కొక్క సీసాను వెలుతురుకు ఎత్తి చూసి బోర్లించేది. మేం లోపలి గదుల్లో టోపీలు, మాస్కులు కట్టుకుని పనిచేసేవాళ్లం. అక్కడ మాట్లాడుకోకూడదు. ఆ పద్ధతి నాకు నచ్చింది.

సీసాలుండే గది ఇంకా నచ్చేది. గోడల నిండా అరలు, అరల నిండా సీసాలు, పైన తెల్లటి లైట్లు. చల్లగా ఉంటుంది. లోపలికి పోతే బయట ఎండాకాలమో వానాకాలమో మరిచిపోతాం. సీసాల్లో ఆకుపచ్చ చుక్కలు అలా నిలబడి ఉంటాయి. వాటిని మేమందరం పిల్లలనే అనేవాళ్లం. "గా అరల పిల్లలు బయటికి తియ్యాలె", "పిల్లలు జర పచ్చవడ్డయ్" అని. మేడం కూడా అలాగే అనేది. ల్యాబ్‌లో అదే మాట.

ఒక చలికాలం పొద్దున మల్లేష్ వచ్చాడు. అతను ఎల్లారెడ్డి వైపు అడవిలో వాచర్. తడి గోనెసంచిలో కొన్ని కొమ్మలు చుట్టి తెచ్చాడు. మేడం వాటి కోసం పది సార్లు ఫోన్ చేసి ఉంది. సంచి విప్పితే లేత కొమ్మలు, కోసిన చోట ఎర్రగా నీరు కారి గడ్డకట్టి ఉంది. గాయంలా కనిపించింది.

"ఇదేం చెట్టు బిడ్డా?" అని అడిగింది ఈరవ్వ, కొట్టంలోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి.

"ఏగి అవ్వా. పెద్దేగి అంటరు."

"షుగర్‌కు తాగుతరు, గదేనా?"

"గదే. అందుకే గీ గతి వట్టింది," అన్నాడు మల్లేష్. "ఇదివరకు మా దిక్కు అడవిల మస్తుగుండె. తలుపులకు గొట్టిండ్రు, మంచాలకు గొట్టిండ్రు. ఇగ మిగిలినదాన్ని షుగరోళ్లు గీకిండ్రు. నా బీటుల ఇంత పెద్దది ఇదొక్కటే ఉన్నది. దాని తోలు చుట్టూ ఒలిచి తీస్కపోయిండ్రు. పైన పచ్చగనే కొడ్తున్నది గని, అది బతుకది."

గట్టి కలప చెట్టు పెరగడానికి మనిషి బతుకంత కాలం పడుతుందని, దాని గింజలు వంద చల్లితే నాలుగైనా మొలవడం కష్టమని మేడం చెప్పింది. తోలు చుట్టూ తీస్తే తిండి కిందికి దిగదు. వేర్లు మాడిపోతాయి. అందుకే చెట్టు ఉండగానే దాని కొమ్మ నుంచి మొక్కలు చేయాలని చూస్తున్నారు. అటవీశాఖ వాళ్లు అడిగారు, ఆమె ఒప్పుకుంది. అరటి చేసిన చేత్తో ఏగి కూడా చేయవచ్చునని ఆమె నమ్మకం.

అందరూ పోయాక ఈరవ్వ నా పక్కన నిలబడి ఆ ఎర్రటి నీటిని వేలితో తాకింది.

"నాకు షుగర్ ఉన్నది గద పిల్లా. మా ఇంట్ల ఏగి కట్టె గిలాస ఉన్నది. అండ్ల నీళ్లు వోసి పొద్దున తాగేది. తేనె రంగు వస్తయ్. కొంచెం నీలం గూడ మెరుస్తది. నేను గూడ తాగిన దీన్ని."

ఆమె వేలిని చీర కుచ్చిళ్లకు తుడుచుకోలేదు. అలాగే పట్టుకుని కొట్టంలోకి పోయింది.

ఏగితో మేం అనుకున్నంత తేలిక కాలేదు. అరటి ముక్కలాగా అది ఒప్పుకోలేదు. కోసి జెల్లీ మీద పెట్టగానే తన ఎర్రటి నీళ్లు వదిలేది. రెండు మూడు రోజుల్లో జెల్లీ నల్లబడేది, ఆ నలుపులో ముక్క కూడా నల్లబడేది. మేడం మాటిమాటికి కొత్త జెల్లీలోకి మార్పించేది. కొన్నింటికి బూజు పట్టేది. కడగడానికి వచ్చిన ఆ సీసాలను ఈరవ్వ వేరుగా పెట్టి, మూత తీసేముందు కాసేపు చూసేది.

"పాపం, ఇది గూడ నిలవలే," అనేది.

చివరికి ఒక్క అరలో పిల్లలు నిలిచాయి. కొమ్మ ముక్క కన్ను దగ్గర చిన్న పచ్చటి ముల్లులా వచ్చి, అది ఆకయింది. ఇంకో జెల్లీలోకి మారిస్తే కింద తెల్లటి దారాల్లా వేర్లు దిగాయి. ఆ రోజు మేడం అందరికీ సమోసాలు తెప్పించింది. ఆ అరకు అడ్డంగా ఒక తెల్ల బట్ట కట్టించింది. నేను లోపల ఎవరూ లేనప్పుడు ఆ బట్ట పక్కకు జరిపి చూసేదాన్ని. సీసాల్లో చిన్న అడవి ఉన్నట్టు ఉండేది. గాలి లేని అడవి. ఆకులు కదలవు, చప్పుడు ఉండదు. అక్కడ నిలబడితే నేను కూడా ఏదో గాజులోంచి బయటికి చూస్తున్నట్టు ఉండేది.

సీసాలోంచి తీసిన మొక్కకు వేర్ల నిండా జెల్లీ అంటుకుని ఉంటుంది. దాన్ని గోరువెచ్చని నీళ్లలో మెల్లగా కడిగేయాలి. కొంచెం మిగిలినా బూజు వస్తుంది, కొంచెం గట్టిగా పట్టినా వేరు తెగుతుంది. ఏగి పిల్లలను బయటికి తీసే రోజు మేడం ఈరవ్వను పిలిచింది.

"అవ్వా, నీళ్లు వోస్తవా?"

ఈరవ్వ ఆమె ముఖంలోకి చూసి, కొట్టంలోంచి తన పీట తెచ్చుకుంది. ముంజేయి నీళ్లలో పెట్టి వేడి చూసింది. మొక్కను రెండు వేళ్ల మధ్య, తల పైకి వచ్చేలా పట్టుకుంది. బొటనవేలితో జెల్లీని కిందికి జారుస్తూ, నోట్లో ఏదో అనుకుంటూ కడిగింది. పాట కాదు, మాటలు లేవు, ఊరికే ఒక దీర్ఘం.

"పుట్టిన పిల్లకు గూడ గిట్లనే ఉంటది జిగురు," అన్నది నాతో. "గీయద్దు. జారనియ్యాలె."

కడిగిన మొక్కలను కొబ్బరిపొట్టు నింపిన చిన్న కప్పుల్లో పెట్టి, షెడ్డులో పాలిథిన్ గుడారం కింద వరసగా పేర్చాం. సీసాలోంచి వచ్చిన మొక్కకు ఎండ తెలియదు, గాలి తెలియదు. మెల్లమెల్లగా అలవాటు చేయాలి. గుడారంలో పొద్దునా సాయంత్రం మిషన్‌తో మంచు ఊదుతాం. ఆ మిషన్‌కు ఇంగ్లిష్ పేరు ఏదో ఉంది. మేం ఊదు మిషన్ అనేవాళ్లం. రాను రాను మిషన్ అనే మాట కూడా పోయి ఊదు మిగిలింది. "ఊదు వెట్టినవా?" "వెట్టిన." మేడం కూడా మా దగ్గర ఆ మాట నేర్చుకుంది. మిషన్ పెట్టే పని నాది. ఈరవ్వ కడగడం అయ్యాక మళ్లీ సీసాల కొట్టానికి పోయింది కాబట్టి ఆ మాట ఆమె చెవిన పడే అవసరం రాలేదు.

ఎండాకాలం నడుమ ఒక సాయంత్రం పెద్ద గాలివాన వచ్చింది. మరునాడు మల్లేష్ ఫోన్ చేశాడు. మేడం వరండాలో నిలబడి మాట్లాడింది. ఆమె ఎక్కువ మాట్లాడలేదు. ఫోన్ జేబులో పెట్టుకుని మా దగ్గరికి వచ్చింది.

"చెట్టు వడ్డదట. వేర్లతోని సహా లేచి వడ్డదట."

"మల్ల కొమ్మలు..." అని మొదలుపెట్టింది ఒకామె.

"మొన్ననే ఆకు రాలి ఎండింది. పనికొచ్చే కొమ్మ లేదు." మేడం షెడ్డు వైపు చూసింది. "ఇగ ఉన్నయ్ గవే."

ఆ రోజు నుంచి గుడారం దగ్గరికి పోయేటప్పుడు అందరం చెప్పులు చప్పుడు కాకుండా నడిచేవాళ్లం. చప్పుడుకు మొక్కలు చావవని అందరికీ తెలుసు.

కొద్ది రోజులకు నస్రుల్లాబాద్ వైపు రైతులు అరటి మొక్కలు తొందరగా కావాలన్నారు. మేడం హైదరాబాద్ పోవలసి వచ్చింది. నన్ను కోసే గదిలో కూర్చోబెట్టారు. ఆ గదిలోకి పోతే మధ్యాహ్నం దాకా బయటికి రాలేం. గుడారం పని ఈరవ్వకు అప్పజెప్పింది మేడం. బస్టాండు నుంచి మళ్లీ ఫోన్ కూడా చేసింది. ఈరవ్వ ఫోన్ ఎప్పుడూ స్పీకర్ మీదే మాట్లాడుతుంది. అప్పుడు అన్నాలు తింటున్న ఆడవాళ్లందరూ ఆ మాటలు విన్నారు.

"అవ్వా, పిల్లలకు పొద్దుగాల ఒకపారి, మాపటికి ఒకపారి ఊదు వెట్టు. మరువకు."

"గది నాకు జెప్పాల్నా మేడం? పుట్టినకాడికెళ్లి వెట్టాల్సిందే గది. నువ్వు వెట్టనియ్యవేమో అనుకున్న."

"ఎందుకు వెట్టనియ్య? గది లేకుంటే బతుకయ్ గద."

"నోట్ల శక్కర పొయ్య. నా మనసుల ఉన్న మాటనే అన్నవ్."

మేడం నవ్వి ఫోన్ పెట్టేసింది. ఆ మాటలు విన్నవాళ్లకు ఎవరికీ ఏమీ తోచలేదు. రెండు మాటలూ ఒక్కటిగానే వినిపించాయి.

ఆ మరునాడు కోసే గదిలో ఉండగా నాకు ఊదు వాసన తగిలింది. గురువారం. గురువారాల్లో నెమలీకల కట్ట పట్టుకున్న ఫకీరు రోడ్డు మీది దుకాణాలన్నిటికీ ఊదు పొగ వేసి పోతాడు. ఆయనే అనుకున్నాను. మాస్కు లోపల ఆ వాసన మంచి కలలా ఉంది. చిన్నప్పుడు తడి జుట్టుతో ఎవరి ఒళ్లోనో పడుకున్నట్టు అనిపించింది. కత్తి ఆపకుండా కోస్తూ పోయాను.

మేడం తిరిగి వచ్చిన పొద్దున నేనూ ఆమె వెంటే షెడ్డులోకి పోయాను. గుడారం ఒక మూల ఎత్తగానే పొగవాసన ముఖానికి కొట్టింది. లోపల కప్పుల చుట్టూ ఆకులు రాలి ఉన్నాయి. పచ్చివి, పసుపువి, అన్నీ. మొక్కలు ఉత్త పుల్లలై నిలబడ్డాయి. ఒక మూల నిప్పుల చట్టి, దాని పక్కన విసనకర్ర శ్రద్ధగా ఆనించి పెట్టి ఉంది.

ఈరవ్వ తలుపు దగ్గరే ఉంది.

"నిన్నటి నుంచి రాల్తున్నయ్ మేడం. దిష్టి తాకిందేమో అని ఇంక జర ఎక్కువ వెట్టిన. మంచి ఊదే. నిజామాబాద్ నుంచి తెప్పిచ్చిన."

మేడం చట్టిని చూసింది. తర్వాత గోడ దగ్గర బట్ట కప్పి ఉన్న మిషన్‌ను చూసింది.

"అవ్వా, ఊదు అంటే గా మిషన్."

"మిషన్‌ను ఎవలన్న ఊదు అంటరా?"

"మేం అంటం," అన్నాను నేను. నా గొంతు నాకే వినిపించలేదు. మళ్లీ అన్నాను. "మేమే అంటం అవ్వా."

మేడం ఒక బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుంది. ముఖం రెండు చేతుల్లో పెట్టుకుంది. భుజాలు కదిలాయి. నవ్వుతున్నదో ఏడుస్తున్నదో తెలియలేదు. చేతులు తీశాక చూస్తే రెండూ ఉన్నట్టు ఉన్నాయి.

"నేనే అన్న. ఊదు వెట్టుమని నేనే అన్న," అన్నది. "అరటిగెలలను మూసి పొగవెట్టి మాగేస్తరు గదా. పొగల ఒక గాలి ఉంటది. కాయను పండిస్తది, ఆకును రాలగొడతది."

"అయితే సచ్చినయా?"

మేడం లేచి ఒక పుల్లను పట్టుకుని, గోటితో తోలు మీద సన్నగా గీకింది. కింద పచ్చగా ఉంది. ఇంకోటి గీకింది. అది గోధుమ రంగు. ఇంకోటి పచ్చ.

"తెలుస్తలేదు అవ్వా. చూడాలె."

"ఇంక ఏం జెయ్యాలె?"

"ఏం జెయ్యద్దు. మిషన్ ఒక్కటి వెట్టాలె. ఇగ ఏం ముట్టద్దు."

ఈరవ్వకు ఆ మాట అన్నిటికన్నా కష్టమైంది. ఏమీ చేయకుండా ఉండటం ఆమె ఎప్పుడూ నేర్చుకోలేదు. ఆమె మరునాడు పనిలోకి రాదేమోనని నేను అనుకున్నాను. వచ్చింది. సీసాలు కడగడం అయ్యాక షెడ్డు తలుపు దగ్గర పీట వేసుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. ఆ చేతులు ఊరుకునేవి కావు, చీర అంచును పట్టుకుని జెల్లీ జార్చినట్టు జారుస్తూ ఉండేవి. ఆడవాళ్లు ఎవరైనా పరాచికాలకు "ఏమైంది ఈరవ్వా, ఊదు అయిపోయిందా?" అంటే "నీ పెండ్లికి దాచిపెట్టిన," అని జవాబు చెప్పేది. కానీ తల తిప్పేది కాదు.

నేను మిషన్ పెట్టేదాన్ని. మంచు లేచి గుడారం నిండేది. పాలిథిన్ మీద పడిన ఎండ లోపలికి వచ్చేసరికి పాలలా మారేది. ఆ తెల్లదనంలో పుల్లలు కనిపించకుండా పోయి, మంచు దిగుతుంటే మళ్లీ ఒక్కొక్కటే కనిపించేవి. నీటిబొట్లు పైనుంచి జారి చప్పుడు లేకుండా పడేవి. అటు ఈరవ్వ, ఇటు నేను. ఎంతసేపు కూర్చున్నా ఏ పొద్దో తెలిసేది కాదు. ఒక్కోసారి ఆ మంచులో పుల్లలన్నీ పెద్దపెద్ద మానులై, మేమిద్దరం వాటి కింద చీమలంత ఉన్నట్టు అనిపించేది. ఆ సంగతి ఈరవ్వతో అంటే నవ్వుతుందనుకున్నాను.

"నాకు గూడ గట్లనే అనిపిస్తది," అన్నది. "నేను పోయినంక కొమ్మలు అంత దూరం వోతయ్ కావచ్చు."

కొన్ని పుల్లలు ఎండి వంగిపోయాయి. మేడం వాటిని తీసేయమన్నది. ఈరవ్వ తీయలేకపోయింది, నేను తీశాను. రోజూ కొన్ని తీశాను. వరసల్లో ఖాళీలు పెరిగాయి. మేడం వచ్చేది, చూసేది, పోయేది. అటవీశాఖ వాళ్లు ఫోన్ చేస్తే "ఇంకా చెప్పలేను సార్" అనేది. పొగ మాట ఎత్తేది కాదు.

మిరుగు కార్తె ప్రవేశించి మొదటి వాన పడ్డ పొద్దున మంచు దిగాక ఈరవ్వ నా మోచేయి పట్టుకుంది.

"పిల్లా, నాకు చూపు ఆనదు. గా కొస పుల్ల కన్ను జూడు."

వంగి చూశాను. ఆకు రాలిన మచ్చకు పైన, గణుపు మీద, ఆవగింజంత ఎరుపు. తాకబోయి ఆగిపోయాను.

"ఉన్నది అవ్వా."

"ఏమున్నది?"

"కన్ను తెరిసింది."

ఆమె పైకి లేవలేదు. ఒళ్లో ఉన్న చేతులు రెండూ ఒకదాని మీద ఒకటి పడి ఊరుకున్నాయి.

ఆ తర్వాత ఒకటొకటే కళ్లు తెరిచాయి. మిగిలినవి కొన్నే. ఏడాది పాటు, ముందు షెడ్డులో, తర్వాత పచ్చ నెట్టు కింద, తర్వాత బయట ఎండలో పెంచాం. మళ్లీ వానలు మొదలయ్యేసరికి జానెడు దాటాయి. వాన ఎప్పుడు గట్టిగా పడితే అప్పుడు తీసుకుపోవాలని మేడం చూస్తోంది. ఒకరోజు పొద్దున్నే మల్లేష్ ఫోన్ చేశాడు. రాత్రంతా కొట్టింది, మన్ను బాగా నానింది, ఇయ్యాల మంచి దినం అన్నాడు. మా వ్యాను అరటి మొక్కలతో మహమ్మద్‌నగర్ పోయి ఉంది. వ్యాను వచ్చాక మిగిలినవి తానే తెస్తానని మేడం అన్నది. ఈరవ్వ ఆగలేదు. మొదటగా కన్ను తెరిచిన మొక్కను తెల్ల చీరముక్కలో చుట్టింది, గాలికి ఆకు చిరగకుండా తల మీద కొంగు కప్పింది. నన్ను తోడు రమ్మన్నది. ఇద్దరం కామారెడ్డిలో ఎల్లారెడ్డి బస్సెక్కాం.

కండక్టర్ వచ్చాడు. మా ఇద్దరికీ ఆధార్ కార్డులు చూసి, ఆడవాళ్లకిచ్చే ఉచిత సున్నా టికెట్లు ఇచ్చి, ఈరవ్వ ఒళ్లోకి చూశాడు.

"ఆడపిల్లనా, మొగపిల్లగాడా అవ్వా? మొగపిల్లగాడైతే టికెట్ గొట్టాలె."

"ఇంక తెల్వది బిడ్డా," అన్నది ఈరవ్వ, కొంగు ఎత్తకుండా. "పూత వూస్తే తెలుస్తది."

కండక్టర్ ఒక్క క్షణం ఆగి ముందుకు పోయాడు. అటు పక్కన విమలమ్మ కిటికీలోంచి చూపు తిప్పి, మెల్లగా తన సంచిని దగ్గరికి లాక్కుంది. ఆమె ఎల్లారెడ్డిలో చుట్టాల ఇంటికి పోతోంది. లింగంపేట దాటాక రోడ్డుకు రెండు వైపులా అడవి మొదలైంది. వాన కడిగిన ఆకులు కిటికీల్లోంచి ముఖాల మీద పచ్చటి వెలుగు వేశాయి. ఈరవ్వ కళ్లు మూసుకుని, తొడ మీద మొక్కను పెట్టుకుని, వీపు తట్టినట్టు గుడ్డను తట్టుతూ కూర్చుంది. నోట్లో అదే దీర్ఘం. నిద్రపోతున్నదో మేలుకుని ఉందో నాకు తెలియలేదు.

మల్లేష్ మమ్మల్ని రోడ్డు మీద కలుసుకుని లోపలికి తీసుకుపోయాడు. చెట్టు పడిన చోట వేర్లు లేచిపోయి పెద్ద గుంత ఉంది. మాను లేదు, ఎప్పుడో తీసుకుపోయారు. గుంతలో ఎర్రమన్ను, అడుగున కొంచెం నీళ్లు. చుట్టూ ముళ్లకంప కట్టి పెట్టాడు. గుంత అంచున మెత్తటి చోటు చూసి గడ్డపారతో తవ్వాడు. మధ్యాహ్నానికి మేడం వ్యానులో మిగిలిన మొక్కలతో వచ్చింది. ఈరవ్వ అప్పటిదాకా తన మొక్కను కింద పెట్టలేదు.

"తల్లి పాయె," అన్నాడు మల్లేష్, చేతులకు మన్ను దులుపుకుంటూ. "పోతే పోయింది గని పిల్లలను ఇచ్చి వోయింది."

"పిల్లలు గావు మల్లేష్," అన్నది మేడం. ఆమె మోకాళ్ల మీద కూర్చుని కప్పులు విప్పుతోంది. "మనం నోటిమాటకు పిల్లలంటం. గింజ నుంచి మొలిస్తే పిల్ల. ఇవి కొమ్మల నుంచి వచ్చినయ్. గా చెట్టే ఇది. వేరేది గాదు."

ఈరవ్వ చేతిలో మొక్కను కొంచెం దూరంగా పట్టుకుని చూసింది.

"అంటే ఇది నాకన్న పెద్దదా?"

"మీ అవ్వకన్న పెద్దది."

"మరి ముందుగాల జెప్పరాదు పిల్లా," అన్నది నాతో. "గింత పెద్దామెను ఒళ్లె వండవెట్టుకొని జోకొట్టుకుంట తెస్తి. బస్సుల అందరు చూసిండ్రు. ఏమనుకున్నదో ఏమో."

ఆమె చెప్పులు విడిచి గుంత అంచుకు దిగింది. మొక్కను నిలబెట్టి, మన్ను కప్పి, చేత్తో అదిమి, రెండు చేతులూ దాని మొదట్లో ఆనించి కళ్లకు అద్దుకుంది. మల్లేష్ బిందెతో నీళ్లు తెచ్చి ఇచ్చాడు. ఆమె ముంజేయి ముంచి చూసింది. వాన నీళ్లు, చల్లగా ఉన్నాయి. సరేనన్నట్టు తల ఊపి పోసింది.

విమలమ్మ దుకాణంలో ఆ మాట ఇంకా నడుస్తూనే ఉంది. ఈరవ్వ ఇప్పుడు ఎల్లారెడ్డి పోయేటప్పుడల్లా ఆమె దగ్గరే బిస్కెట్ పుడా కొంటుంది, విమలమ్మ ఇస్తుంది, ఇద్దరూ వాన గురించి మాట్లాడుకుంటారు. నేను పక్కన నిలబడతాను. మల్లేష్ ఈమధ్య ఫోన్ చేసి, మొక్కను తన మోకాలితో పోల్చి చూశానని చెప్పాడు.

ఎల్లారెడ్డి అడవిలో గాలివానకు పడిపోయిన ఆ ఏగి చెట్టు ఇప్పుడు మోకాలెత్తు ఉంది.